సున్నా రాని పరీక్ష

ఈ పరీక్షలో ఎవరికీ సున్నా రాదు. మొత్తం ఇరవై వాక్యాలు. ఒక్కోదాని ఎదురుగా 1 నుంచి 7 వరకు అంకెలుంటాయి. ఆ మాట బొత్తిగా ఒప్పుకోనివాళ్ళు 1 దగ్గర, పూర్తిగా ఒప్పుకునేవాళ్ళు 7 దగ్గర గుర్తు పెట్టాలి. చివర్లో అన్నీ కూడితే చాలు. అన్నిటికీ ఒకటి పెట్టినవాడికి 20, అన్నిటికీ ఏడు పెట్టినవాడికి 140. చేతిలో సెల్‌ఫోన్ లేకపోతే మనిషికి ఎంత గాబరా పుడుతుందో కొలవడానికి పరిశోధకులు ఎక్కువగా వాడుతున్న కాగితం ఇదే. నోమోఫోబియా ప్రశ్నావళి అంటారు.

దీన్ని అమెరికాలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో చాలర్ యిల్దిరిమ్, ఆనా పావులా కొరేయా అనే ఇద్దరు తయారుచేసి 2015లో ప్రచురించారు. ముందుగా తొమ్మిదిమంది డిగ్రీ విద్యార్థులను కూర్చోబెట్టి, ఫోన్ లేకపోతే మీకేమవుతుంది అని అడిగారు. వాళ్ళు చెప్పిన సంగతుల్లోంచి వాక్యాలు ఏరి, 301 మంది విద్యార్థుల చేత నింపించారు. ఆ జవాబులను గణాంక శాస్త్రంతో వడకడితే నాలుగు రకాల భయాలు విడివిడిగా తేలాయి. మనవాళ్ళతో మాట్లాడలేమేమో అన్నది ఒకటి. దీనికి ఆరు వాక్యాలు. నలుగురితో తెగిపోతామేమో అన్నది రెండోది, ఐదు వాక్యాలు. కావలసిన సమాచారం దొరకదేమో అన్నది మూడోది, నాలుగు వాక్యాలు. అలవాటైన సౌకర్యం పోతుందేమో అన్నది చివరిది, ఐదు వాక్యాలు. డేటా అయిపోతే కంగారు పడతావా, సిగ్నల్ లేనప్పుడు వచ్చిందా లేదా అని మాటిమాటికీ చూసుకుంటావా, ఇంట్లోవాళ్ళు నీకు ఫోన్ చేసినా దొరకవే అని దిగులు పడతావా... ఈ తరహా సంగతులే అన్నీ.

ఆ నాలుగుపాయల విభజన చాలా తెలివైన పని. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ కూడిక సంగతి చూడాలి, ఎందుకంటే పేపర్లలో వచ్చేది అదొక్కటే.

20 వస్తే నోమోఫోబియా లేదు. 21 నుంచి 59 దాకా కొద్దిగా ఉంది. 60 నుంచి 99 దాకా మధ్యస్థం. 100, ఆపైన తీవ్రం. చూడ్డానికి చక్కగా ఉంది కానీ, ఇందులో ఒక తిరకాసుంది. పంతొమ్మిది వాక్యాలకు ఒకటి పెట్టి, ఒక్కదానికి మాత్రం రెండు పెట్టిన పిల్లాడి మొత్తం 21. అంటే వాడికి నోమోఫోబియా ఉన్నట్టే లెక్క. ఇంకొకడు ఏదీ తేల్చుకోలేక, ఔననూ కాదననూ అన్నట్టు వరసబెట్టి అన్నిటికీ నడిమి అంకె 4 పెట్టాడనుకోండి. నాలుగిరవైలు ఎనభై. వాడు మధ్యస్థం కోవలో పడతాడు. అభిప్రాయమే లేనివాడికి జబ్బు అంటగట్టినట్టయింది. అందుకే ఏ ఊళ్ళో ఈ కాగితం పంచినా, దాదాపు అందరికీ నోమోఫోబియా ఉందనే తేలుతుంది. అలాంటి శీర్షిక కనిపించినప్పుడు మనం బెదరాల్సింది పిల్లల గురించి కాదు. ఆ ఫలితంలో సగం కొలబద్ద గీతల్లోనే ఉంది.

ఇలా అన్నంత మాత్రాన కొలబద్ద పనికిమాలినదని కాదు. దాని అంతర్గత పొందిక 0.945 అని తయారుచేసినవాళ్ళు లెక్క తేల్చారు. లీ క్రోన్‌బాక్ అనే ఆయన 1951లో చెప్పిన లెక్క ఇది. ఒకటికి దగ్గరైనకొద్దీ వాక్యాలన్నీ ఒకే దిక్కుకు లాగుతున్నాయని అర్థం. అయితే ఆ దిక్కు ఏదో ఈ లెక్క చెప్పదు. భయమా, అలవాటా, అవసరమా అన్నది విడిగా తేల్చుకోవాల్సిందే.

అసలు ఈ నోమోఫోబియా అన్న పేరు పుట్టింది ఆసుపత్రిలో కాదు. 2008లో బ్రిటన్ పోస్టాఫీసు వాళ్ళు యూగవ్ సంస్థ చేత ఒక సర్వే చేయించినప్పుడు పుట్టింది. మొబైల్ వాడేవాళ్ళలో సగానికి పైగా, నూటికి 53 మంది, ఫోన్ పోయినా ఛార్జింగ్ అయిపోయినా ఆందోళన పడతామన్నారు. తర్వాత 2014లో ఇద్దరు ఇటలీ పరిశోధకులు దీన్ని మానసిక వైద్యుల అధికారిక జాబితాలో చేర్చాలని కోరారు. ఇప్పటిదాకా చేర్చలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జాబితాలో వీడియో ఆటల వ్యసనానికి చోటు దొరికింది కానీ దీనికి దొరకలేదు. కాబట్టి ఫలానా అబ్బాయికి నోమోఫోబియా ఉందని ఎవరైనా ఖాయం చేసి చెబితే, ఏ పుస్తకం ప్రకారం అని అడగవచ్చు.

కాగితం మీద గుర్తు పెట్టడం వేరు, నిజంగా ఫోన్ లాక్కుంటే ఒంట్లో ఏమవుతుందన్నది వేరు. మిస్సోరీ విశ్వవిద్యాలయంలో క్లేటన్ బృందం 2015లో ఆ రెండోదాన్ని చూసింది. నలభైమంది ఐఫోన్ వాడకందార్లను పిలిచి, కొత్త రకం బీపీ పట్టీని పరీక్షిస్తున్నాం, మీరు ఈ పదాల పజిల్ చేస్తూ ఉండండి అన్నారు. మధ్యలో, మీ ఫోన్ మా యంత్రానికి అడ్డు తగులుతోంది అని సాకు చెప్పి దాన్ని దూరంగా పెట్టారు. తర్వాత వీళ్ళు పజిల్‌లో మునిగి ఉండగా ఆ ఫోన్‌కే కాల్ చేశారు. అది మోగుతోంది, లేచి వెళ్ళి ఎత్తడానికి లేదు. గుండె వేగం పెరిగింది, రక్తపోటు పెరిగింది, పజిల్‌లో దొరికిన పదాలు తగ్గాయి. ఆందోళన నిజమేనని ఒళ్ళే చెప్పింది. కాకపోతే ఒక మాట. మోగుతున్న ఫోన్ ఎత్తకుండా కూర్చోమంటే, పాతకాలం ల్యాండ్‌లైన్ ముందు మన తాతలకూ గుండె దడదడలాడేదే.

అంతకంటే నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది 2014లో కాలిఫోర్నియాలో నాన్సీ చీవర్, లారీ రోజెన్ బృందం చేసిన ప్రయోగం. 163 మంది విద్యార్థులను పెద్ద హాల్లోకి రప్పించారు. సగంమంది ఫోన్లు తీసేసుకున్నారు. మిగతా సగంమందిని ఫోన్ ఆపేసి కనబడకుండా పెట్టుకోమన్నారు. ఊరికే కూర్చోవాలి, అంతే. పది నిమిషాలయ్యాక ఒకసారి, తర్వాత ఇరవయ్యేసి నిమిషాల తేడాతో మరో రెండుసార్లు ఆందోళన కొలిచారు. ఇక్కడ వాడింది స్పీల్‌బర్గర్ కొలమానం. మనిషి స్వభావంలోనే ఉండే ఆందోళనను, ఈ నిమిషంలో పుట్టిన ఆందోళనను అది వేరుచేసి చూస్తుంది. ఫోన్ తక్కువ వాడేవాళ్ళలో ఏ మార్పూ లేదు. ఓ మాదిరిగా వాడేవాళ్ళకు కాస్త పెరిగి అక్కడే ఆగింది. విపరీతంగా వాడేవాళ్ళకు మాత్రం కొలిచిన ప్రతిసారీ పెరుగుతూనే పోయింది. ఫోన్ అవతలివాళ్ళ చేతికి పోయినా, తన సంచిలోనే ఆగిపోయి ఉన్నా తేడా ఏమీ కనిపించలేదు. అంటే గాబరాకు కారణం వస్తువు పోవడం కాదన్నమాట, వాడే వీలు లేకపోవడం.

ఎందుకిలా? ఫోన్‌లో మనకోసం ఏదో వచ్చి ఉంటుంది, లేదా ఉండదు. ఎప్పుడు వస్తుందో తెలియదు. ఈ తెలియకపోవడమే చెయ్యిని జేబు వైపు లాగుతుంది. తీసి చూస్తే మనసు కుదుటపడుతుంది. ఆ కుదుటపడటం మెదడుకు బహుమానం. మళ్ళీ గాబరా పుట్టినప్పుడు, మందు ఎక్కడుందో దానికి తెలుసు కాబట్టి అటే తోస్తుంది. ఇలా గాబరా తీర్చుకున్న ప్రతిసారీ అలవాటు ఇంకాస్త ముదురుతుంది. పదిహేను పదహారేళ్ళ వయసులో తోటివాళ్ళు మన గురించి ఏమనుకుంటున్నారన్నదే ప్రాణప్రదం కాబట్టి, ఈ చక్రం పిల్లల్లో మరింత జోరుగా తిరుగుతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ ప్రయోగశాల సంగతులు. ఫోన్‌ను మనిషి నుంచి విడదీసే ఏర్పాటు ఏ శాస్త్రవేత్తా పెట్టనంత పెద్ద ఎత్తున, ఏళ్ళ తరబడి, రోజూ జరుగుతున్న చోటు మన తిరుమల. శ్రీవారి ఆలయంలోకి సెల్‌ఫోన్ రానివ్వరు. క్యూలోకి వెళ్ళేముందు కౌంటర్లో ఇచ్చేయాలి. దర్శనమయ్యాక చీటీ చూపించి తీసుకోవాలి. రద్దీ రోజుల్లో సర్వదర్శనం క్యూ అంటే గంటల లెక్క. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్ తలుపు మూసుకున్నాక లోపలున్న పిల్లలను గమనించండి. మొదటి అరగంట చూడాలి. చెయ్యి దానంతటదే ప్యాంటు జేబు తడుముతుంది, ఖాళీగా వెనక్కొస్తుంది. కాసేపటికి మళ్ళీ పోతుంది.

"టైమెంతయింది అవ్వా?"

"టైముతో నీకేం పని నాయనా. సామి పిలిచినప్పుడు పోతాం. ఈ పాలు తాగు."

ఇంకో గంట గడిచేసరికి ఆ పిల్లాడే పక్క వరసలో కర్ణాటక నుంచి వచ్చిన పిల్లాడితో వచ్చీరాని కన్నడంలో క్రికెట్ మాట్లాడుతుంటాడు. కాలిఫోర్నియా హాల్లో గంట గడిచేకొద్దీ పెరిగినది ఇక్కడెందుకు తగ్గుతుంది? ఇదేమీ పరిశోధన కాదు, క్యూలో నిలబడినవాళ్ళెవరైనా చూడగల సంగతి. నాకు తోచిన కారణాలు చెబుతాను. హాల్లో ఊరికే కూర్చోమన్నారు, ఇక్కడ పనుంది, గోవింద నామముంది, నలుగురున్నారు. అక్కడ హఠాత్తుగా లాక్కున్నారు, ఇక్కడ ఇంట్లోంచి బయల్దేరినప్పుడే తెలుసు. అన్నిటికన్నా ముఖ్యం, ఇక్కడ ఎవరి దగ్గరా లేదు. తనకు తప్పిపోతున్నది పక్కవాడికి దొరుకుతోందన్న బాధ లేదు.

ఈ చివరి కారణానికి షికాగో విశ్వవిద్యాలయంలో లియోనార్డో బర్స్‌టీన్ బృందం అమెరికా కాలేజీ పిల్లలతో చేసిన అధ్యయనంలో గట్టి ఆధారముంది. 2023లో బయటికొచ్చింది. తక్కినవాళ్ళంతా వాడుతుండగా నువ్వొక్కడివే నాలుగు వారాలు టిక్‌టాక్ మానేయడానికి ఎంతివ్వాలి అంటే, సగటున 59 డాలర్లు అడిగారు. ఇన్‌స్టాగ్రామ్‌కైతే 47. అదే నీ కాలేజీలో అందరూ కలిసి మానేస్తే అంటే మాట తిరగబడింది. అలా అందరి చేతా మాన్పించడానికి తామే ఎదురు డబ్బిస్తామన్నారు, టిక్‌టాక్‌కు 28 డాలర్లు, ఇన్‌స్టాగ్రామ్‌కు 10. ఒక్కడికి శిక్షలా తోచినది అందరికీ వర్తిస్తే ఊరటలా తోచింది. ఒక్క పిల్లాడి ఫోన్ లాగేసి మిగతా ఇంటిల్లిపాదీ వీడియోలు చూస్తూ కూర్చునే తల్లిదండ్రులు ఈ అంకెలు గుర్తుంచుకుంటే మంచిది.

ఇక మన పిల్లల దగ్గరికొద్దాం. ఆ ఇరవై వాక్యాల కాగితం ఒక సంగతి అడక్కుండానే ఒప్పేసుకుంటుంది, నీకంటూ ఒక ఫోన్ ఉందని. 2023లో దేశవ్యాప్తంగా ఎంపికచేసిన జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ళ పిల్లలతో అసర్ సర్వే చేస్తే, పదిళ్ళలో తొమ్మిదిళ్ళ దాకా స్మార్ట్‌ఫోన్ ఉంది. కానీ ఫోన్ వాడటం వచ్చిన పిల్లల్లో సొంత ఫోన్ ఉన్నవాళ్ళు, అబ్బాయిల్లో నూటికి 43.7 మంది, అమ్మాయిల్లో 19.8 మంది. తక్కినవాళ్ళది నాయన ఫోనో, అన్న ఫోనో. నాయన పొలం నుంచి వచ్చేదాకా ఎదురుచూసి, ఆయన అన్నం తినే అరగంటలో హోంవర్క్ వాట్సాప్ చూసుకునే అమ్మాయికి, ఫోన్ దగ్గర లేకపోతే నీకెట్లుంటుంది అని అడిగితే ఏమని గుర్తు పెడుతుంది? రోజులో ఇరవైమూడు గంటలపైన ఆమె దగ్గర ఉండదు. ఇ-మెయిల్ చూసుకోలేకపోతే ఆందోళన పడతావా అన్న వాక్యం కూడా ఉంది ఆ కాగితంలో. అమెరికా డిగ్రీ విద్యార్థికి అది సరిపోవచ్చు. మా చిత్తూరు వైపు ఇంటర్ పిల్లాడికి, ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరవడానికి తప్ప ఇ-మెయిల్‌తో పనేముంది?

పోనీ సొంత ఫోన్లున్న ఇద్దరిని ఊహించుకుందాం. పాకాల నుంచి రోజూ బస్సెక్కి తిరుపతి కాలేజీకొచ్చే అమ్మాయి. కొర్లగుంటలో ఇల్లున్న అబ్బాయి. ఇద్దరూ కాగితం నింపారు. అమ్మాయికి సమాచారంలో 12, సౌకర్యంలో 17, మనవాళ్ళతో మాట్లాడటంలో 38, నలుగురితో తెగిపోవడంలో 17. అబ్బాయికి వరసగా 18, 24, 12, 30. కూడి చూడండి. ఇద్దరికీ 84. ఇద్దరూ మధ్యస్థమే, పట్టికలో ఒకే గడిలో పడతారు. కానీ ఆ అమ్మాయి గాబరా ఏమిటి? సాయంత్రం బస్సు తప్పితే అమ్మకు చెప్పడమెట్లా అని. ఆ భాగంలో రాగల గరిష్ఠం 42, ఆమెకు వచ్చింది 38. ఆపదలో ఫోన్‌ను గట్టిగా ఊపితే పోలీసులకు కబురందేలా దిశ యాప్‌ను 2020లో మన రాష్ట్ర ప్రభుత్వమే తెచ్చి, అమ్మాయిలందరినీ ఫోన్లో పెట్టుకోమంది. పెట్టుకున్న అమ్మాయి, ఫోన్ చేతిలో లేకపోతే భయమంటే, దాన్ని రుగ్మత అనడం అన్యాయం. అబ్బాయి లెక్క వేరు. వాడికి బరువంతా ఆన్‌లైన్ స్నేహాల మీద, చేతికలవాటైన సుఖం మీద ఉంది. ఇక్కడ మనం కూర్చోబెట్టి మాట్లాడాల్సింది వాడితోనే. మొత్తం చూస్తే ఇద్దరూ ఒకటే. నాలుగుపాయలూ విప్పి చూస్తే ఆమెకు కావలసింది వేళకు వచ్చే బస్సు, వాడికి కావలసింది మరొకటి. కాగితాన్ని పుట్టించినవాళ్ళు భయాన్ని నాలుగుగా విడదీసి ఇస్తే, వాడేవాళ్ళు దాన్ని మళ్ళీ ఒక్క అంకెగా ముద్దచేస్తున్నారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పిల్లలు తమ గురించి తాము చెప్పుకున్నది వాళ్ళ అసలు వాడకంతో సరిపోతుందా? బ్రిటన్‌లో డేవిడ్ ఎల్లిస్ బృందం 2019లో ఇలాంటి పది ప్రశ్నావళులను తీసుకుని, ఐఫోన్ తనంతట తాను నమోదు చేసే వాడకం లెక్కలతో పోల్చింది. పొంతన అంతంతమాత్రమే. రోజుకు ఎంతసేపు వాడతావు అని ఒక్క ముక్క సూటిగా అడిగితే వచ్చే జవాబు వాటికంటే మెరుగ్గా ఉంది. అంటే ఈ ప్రశ్నావళులు కొలిచేది వాడకం కాదు, వాడకం గురించిన మన బెంగ.

బెంగకు మనం పెద్దవాళ్ళం పోసిన ఎరువు తక్కువేం కాదు. 2022 డిసెంబరులో రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్ళ టీచర్లకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు, చదువంతా తెరలో ఉందన్నారు. 2023 ఆగస్టులో బడిలోకి విద్యార్థులు ఫోన్ తేకూడదన్నారు, టీచర్లు కూడా తరగతి గదిలోకి తీసుకుపోకూడదన్నారు. రెండింటికీ కారణాలున్నాయి, కానీ ఆ ఎనిమిది నెలల్లో పిల్లాడికి అర్థమయ్యిందేమిటో ఎవరూ అడగలేదు. ఇంకో విచిత్రం, సత్యవేడు దగ్గరి శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కర్మాగారం 2015లో షియోమీ ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. అప్పట్లో అది చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. బిగించేవాళ్ళలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల అమ్మాయిలే. ఫోన్లు పుట్టేదీ, తిరుమలలో ఫోన్లు అప్పగించేదీ ఒకే జిల్లాలో. మధ్యలో ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల హాస్టళ్ళున్నాయి. అక్కడ ఫోన్ ఉండదు, వార్డెన్ ఫోన్ ముందు వరస ఉంటుంది.

ఎస్వీ విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఎస్వీ వైద్య కళాశాల, స్విమ్స్, ఇన్ని పెట్టుకున్న ఊరు తిరుపతి. ఇక్కడ ఈ కొలత తీయాలంటే నా సలహా ఇది. ముందు కాగితాన్ని మన పిల్లల బతుకుకు తగ్గట్టు మార్చాలి. సొంత ఫోనా, ఇంటి ఫోనా అన్నది మొదటి ప్రశ్న కావాలి. స్పెయిన్‌లో 2017లో బడిపిల్లల కోసం చేసినట్టు, ఇన్ని మార్కులు దాటితే జబ్బు అని గీత గీయకుండా, తోటి పిల్లల వరసలో ఎవరు ఎక్కడున్నారో చూడాలి. తర్వాత హాస్టల్లో చేరిన రోజున ఒకసారి, వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి అడగాలి. ఫోన్ లేని గాబరా మొదటి వారంలోనే చల్లబడుతుందా, లేక ఇంటి మీద బెంగగా మారుతుందా అన్నది ఆ మూడు కొలతల మధ్య తెలుస్తుంది. ఒక్కసారి పంచిన కాగితం ఎన్నటికీ చెప్పదు. కాగితం పంచేది ఆ కాలేజీ లెక్చరర్ కాకూడదు. సార్ చేతికిచ్చే కాగితం మీద ఏ పిల్లాడైనా మంచి బాలుడే.

ఇంట్లో తల్లిదండ్రులకైతే ఏ ప్రశ్నావళీ అక్కర్లేదు. ఫోన్ తీసుకుంటే పిల్లాడు విసుక్కోవడం మామూలే, దానికి డాక్టరు వద్దు. నిద్ర చెడిందా, బడికి పోవడం మానుతున్నాడా, తిండి తగ్గిందా, ఫోన్ చేతికిచ్చినా కూడా ముఖంలో కళ లేదా, ఇవి చూడండి. చివరిదే అన్నిటికంటే పెద్ద గుర్తు, ఎందుకంటే అప్పుడు సమస్య ఫోన్‌ది కాదు. టెక్నాలజీ వాడకం మితిమీరినవాళ్ళ కోసం బెంగళూరు నిమ్హాన్స్‌లో షట్ క్లినిక్ 2014 నుంచి నడుస్తోంది. చిత్తూరు నుంచి అదేమంత దూరం కాదు. అంతకంటే ముందు 14416కు ఫోన్ చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలిమానస్ నంబరది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.